దారం మాస్టారి అలైన్‌మెంటు

అందరికీ ఆయన దారం మాస్టారు. ముప్పై ఏళ్లుగా దారం కట్టి కార్ల చక్రాలు సరిచేస్తున్నాడు మరి. కంప్యూటర్లు పెట్టుకుని అదే పని చేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "తెర మీద పచ్చగీత కనబడితే చాలు, కింద చక్రం ఎటు చచ్చినా వాళ్లకు పట్టదు" అంటాడు. ఇక స్ప్రింగులు మార్పించి బండిని నేలకు దించుకునేవాళ్లున్నారే, వాళ్లను మనుషుల్లోనే లెక్కెయ్యడు.

అలాంటిది సొంత అల్లుడే ఆ పని చేశాడు. పాత చిన్న కారొకటి కొని, స్పీడ్ బ్రేకర్ వస్తే పొట్ట గీరుకునేంత కిందికి దించేశాడు. ఆ సంగతి తెలిసిన రోజే మాస్టారు తేల్చేశాడు, దాన్ని తన షెడ్డు గడప తొక్కనివ్వనని. టైర్లు లోపలివైపు అరిగిపోతున్నాయి నాన్నా అని కూతురు ఫోన్లో మూడుసార్లు బతిమాలింది. "అరగనీ. ఒకటి పేలితే నీ మొగుడికి బుద్ధొస్తుంది" అని పెట్టేశాడు. కంప్యూటర్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్తే బంపర్ ర్యాంపుకు తగిలి, మా వల్ల కాదు పొమ్మన్నారట. అలా ఎనిమిది నెలలు గడిచాక భార్య పోరు పడలేక, "సరే, ఆదివారం తెచ్చి ఏడవమను" అన్నాడు.

ఆదివారం మాస్టారు టీ తాగొచ్చేసరికి కారు షెడ్డులో ఉంది. కూతురు వెనక ఇంట్లో అమ్మతో మాటల్లో పడింది. అల్లుడు బానెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దయచేయండి అల్లుడుగారూ! పూర్తిగా పాతిపెట్టకుండా కాస్త పైన ఉంచారే, మా అదృష్టం." మాస్టారికి మర్యాద ఎక్కువైందంటే అది తిట్టే.

"మావయ్యా, అసలు ఈ కారు..."

"మీరు మాట్లాడకండి. చేసింది చాలు."

ముందు చక్రం లోపలి అంచు తడిమాడు. రబ్బరు లేదు, తీగలు వేలికి గుచ్చుకున్నాయి. బయటి నుంచి చూస్తే మాత్రం టైరు నిగనిగలాడుతోంది. "శభాష్! ఈపాటికి పేలాల్సింది" అని అల్లుడి మొహం మీదే అనేశాడు. అల్లుడు తల దించుకున్నాడు. సిగ్గులేని వెధవ, ఎదురు చెప్పడానికీ నోరు లేదు అనుకున్నాడు మాస్టారు.

షెడ్డులో ఉన్న పాత టైర్లే రెండు మంచివి ఏరి వేశాడు. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. చక్రం సులువుగా తిరగాలని ముందు చక్రాల కింద రెండేసి టైల్స్ పరిచాడు, మధ్యలో గ్రీజు పూసి. కారుకు రెండువైపులా స్టాండ్లు పెట్టి దారాలు బిగించాడు. లోపలికి వాలిన చక్రాలను బోల్టులు వదులు చేసి వీలైనంత నిలబెట్టాడు. తర్వాత స్టీలు స్కేలుతో రిమ్ము ముందంచు, వెనకంచు కొలవడం, స్టీరింగ్ రాడ్డు నట్టు పావు చుట్టు తిప్పడం, మళ్లీ కొలవడం. రెండు గంటలు నడుం ఎత్తలేదు.

ఆఖరి కొలతకు మాత్రం బండి నడిపే మనిషే సీట్లో కూర్చోవాలి. దించిన బండి మనిషి ఎక్కగానే ఇంకాస్త కుంగుతుంది, చక్రం వాలు మారిపోతుంది. ఇసుకబస్తా పెట్టి సరిపెట్టేవాళ్లను చూస్తే మాస్టారు ఉమ్మేస్తాడు.

"ఎక్కండి అల్లుడుగారూ, మీ సింహాసనం."

అల్లుడు కదల్లేదు. "నాకు డ్రైవింగ్ రాదు మావయ్యా."

"మరి బండి ఇక్కడికి ఎగిరొచ్చిందా?"

అప్పటికే కూతురు గుమ్మంలో ఉంది. తిన్నగా వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. సీటు జరుపుకోలేదు, అద్దం సర్దుకోలేదు. అన్నీ ఆమెకు సరిపోయేట్టే ఉన్నాయి.

"నువ్వా? నీకెవరు నేర్పారే?"

"నువ్వైతే నేర్పలేదుగా. ఆడపిల్లకెందుకన్నావు. పెళ్లయ్యాక నేర్చుకున్నా. కారు నాది నాన్నా, దించుకున్నదీ నేనే, నాకలా ఇష్టం. నువ్వు తిడతావని ఆయన మీద పెట్టా. ఆయన బస్సులో వెళ్తారు. నేను రోజూ ఇందులోనే ఆఫీసుకు, హైవే మీద."

రోజూ, ఎనిమిది నెలలు, ఆ తీగల మీద. పేలాలని తను కోరుకుంది ఆ టైర్లే. మాస్టారు చక్రం దగ్గర చతికిలబడి స్కేలు ఆనించాడు. గీతలు కళ్లముందు అలుక్కుపోతున్నాయి.

"బాబూ," అన్నాడు అల్లుడితో, "కాస్త ఇది ఎంతుందో నువ్వు చూసి చెప్పు."