ఏడుకొండలు గీయని గీత

ఆటోనగర్‌లో ఎవరైనా పని చేయకుండానే చేసినట్టు సర్దితే "ఏడుకొండలు గీత గీశాడ్రా" అంటారు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్ళు కూడా అంటారు. ఆ పేరుగల మనిషి ఒకడున్నాడనీ, ఇప్పటికీ పని చేసుకు బతుకుతున్నాడనీ వాళ్ళలో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళు కథ కూడా చెబుతారు. పెద్దవయసు ఫిట్టరు, చూపు మందగించింది, ఆ రోజు మనసు ఇంటి దగ్గరుంది, జీపు వెనక నట్లు బిగించకుండానే బిగించినట్టు గుర్తు పెట్టేశాడు, ఒకాయన కాలు పోయింది.

అబద్ధం. ఆయన చూపు నా చూపుకంటే బాగుండేది. ఆ గుర్తు పెట్టింది నేను.

చూశారా, ఎంత చిన్న మాటో. ఈ చిన్న మాట ఎనిమిదేళ్ళుగా నా గొంతులో రాయిలా ఉంది. అన్నం దాని పక్కనుంచే దిగుతోంది, నవ్వు దాని పక్కనుంచే వస్తోంది. కూరగాయల బండి దగ్గర్నుంచి పన్నుల ఆఫీసు దాకా ఎక్కడా నోరు మూసుకున్న మనిషిని కాదు నేను. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచాను. పెళ్ళయ్యాక ఆ విద్యను మా ఆయన మీద, బంధువుల మీద, కస్టమర్ల మీద ధారాళంగా వాడాను. అలాంటిదాన్ని ఈ ఒక్క విషయంలో మూగదాన్నయ్యాను. పిరికితనమా? పరువా? రెండూ ఒకటేనేమో.

నా పేరు మీకు చెప్పను. ఆయన పేరు మాత్రం మార్చలేదు. మచ్చ పడింది ఆ పేరు మీద. మారుపేరు మీద తుడిస్తే ఎవరికి లాభం?

మాది కమాను కట్టల షెడ్డు. బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు. మా మామగారి కాలంలో లారీలకే వేసేవాళ్ళు. నేను బీఎస్సీ ఫిజిక్సు చదివి ఆ ఇంటికి కోడలినై వచ్చి, ఆయన తర్వాత షెడ్డు చేతికి తీసుకున్నాక, జీపులకు ఎత్తు పెంచే పని మొదలుపెట్టాను. కొత్త ఎత్తు కట్టలు, పొడవాటి షాకబ్జర్లు, పెద్ద టైర్లు. రొయ్యల చెరువుల వాళ్ళకు అది సోకు కాదు. వానాకాలం చెరువు గట్టు మీద నల్లమట్టిలో మామూలు బండి ఇరుసు దాకా దిగిపోతుంది.

లెక్కలు నావి. చేతులు ఏడుకొండలువి. నాగాయలంక వైపు పడవల ఇంజన్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నాడు. బడికి వెళ్ళింది తక్కువ. బండి నాలుగు మూలలా ఎత్తు సమానంగా లేచిందో లేదో జానలు, వేళ్ళతో కొలిచి చెప్పేవాడు. నేను నమ్మకుండా టేపు పెట్టేదాన్ని. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా టేపు ఆయన్ని ఓడించలేదు. నట్టు మీద పానాతో కొట్టి, ఆ చప్పుడు విని, "ఇంకో పావు తిరుగుద్దండీ" అనేవాడు. తిప్పితే పావే తిరిగేది. నాకు ఒళ్ళు జలదరించేది. ఒత్తిడి, ధ్వని, కంపనం, ఇవన్నీ నేను పుస్తకంలో చదివాను. ఆయన చెవిలో ఉన్నాయి. జాకీల మీంచి దింపిన జీపు కొత్త టైర్ల మీద నిలబడి, ఒకసారి ఊగి, కుదురుకునే క్షణం ఉంటుంది చూడండి, లేగదూడ మొదటిసారి లేచి నిలబడ్డట్టుండేది. ఎన్ని బండ్లు చేసినా ఆ క్షణంలో నోరు మూసుకుని చూసేదాన్ని.

ఇక గీత సంగతి. ఇరుసును కట్టకు పట్టి ఉంచేవి యూ బోల్టులు, మూలకు నాలుగు నట్లు. బండి బరువు పడి కట్టలు సర్దుకున్నాక వాటిని చివరిసారి బిగించాలి. బిగించాక ఏడుకొండలు అగ్గిపుల్ల కొనతో గోళ్ళరంగు అద్ది, నట్టు మీంచి పక్క ఇనుము మీదకు దారంలాంటి ఎర్రగీత గీసేవాడు. నట్టు ఏమాత్రం వదులైనా గీత విరిగి కనబడుతుంది. గీత లేని నట్టు అంటే పని పూర్తికాని నట్టు. మా షెడ్డుకు పేరు తెచ్చింది ఇదే. ఎర్రగీత చూసుకుని కళ్ళు మూసుకు తోలొచ్చని కస్టమర్లకు చెప్పింది నేనే.

ప్రసాదు గారిది అవనిగడ్డ వైపు. చెరువుల రైతు, నన్ను అక్కా అని పిలిచేవాడు. పాత జీపు తెచ్చి ఎత్తు పెంచమన్నాడు. ఏడుకొండలు పద్ధతి ప్రకారం, బండిని బెంజ్ సర్కిల్ దాకా ఒకసారి తిప్పి తెచ్చాకే చివరి బిగింపు. ప్రసాదు గారు ఒప్పుకోలేదు. కొత్త టైర్లు ముందు నిమ్మకాయలు తొక్కాలి, పూజ కాకుండా రోడ్డెక్కకూడదు. పూజయి గుమ్మం దాటిన బండి మళ్ళీ వెనక్కి తిరగకూడదు. పదకొండున్నర దాటితే వర్జ్యం. ఫిజిక్సు చదివినదాన్ని, ఈ ఒక్క చోట వాదించాల్సింది. వాదించలేదు. "మా షెడ్డులో టైమంటే టైమే" అని అంతకుముందే గొప్పలు పోయాను మరి.

ఏడుకొండలు దానికీ దారి వెతికాడు. బండిని అక్కడే నిలబెట్టి, మనుషులను ఎక్కించి, ఎగిరించి ఎగిరించి కట్టలు సర్దుకునేలా చేశాడు. ఒక్కో మూలా బిగించి గీతలు గీశాడు. మూడు మూలలయ్యాయి. వెనక ఎడమ మూల మిగిలిందనగా ఆసుపత్రి నుంచి ఫోను. భార్యకు ముందురోజు కంటి ఆపరేషనయింది, కట్టు విప్పే డాక్టరు వెళ్ళిపోతున్నాడట. గంటలో వస్తానన్నాడు. నేనొచ్చేదాకా బండి కదపొద్దండీ అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

పదకొండుంపావు. పూజ అయిపోయింది. ప్రసాదు గారు ఫోను లైటు వేసి బండి కింద వంగి చూశాడు. "అక్కా, ఈ మూల గీతల్లేవే?" అన్నాడు.

పానా పక్కనే ఉంది. పట్టు పెరగడానికి దానికి పైపు తగిలించి బిగించడం నాకు రాని పని కాదు. పట్టుచీర కట్టుకుని ఉన్నాను. నట్లు చేత్తో పట్టి చూశాను, గట్టిగానే అనిపించాయి. చేతికి ఏ నట్టయినా గట్టిగానే ఉంటుంది, ఆ మాట నాకు తెలుసు. తెలిసీ "బిగించాడు, గీతలు గ్రీజు కింద కనబడట్లేదు, తుడుస్తాను, మీరు నిమ్మకాయలు పెట్టించండి" అని ఆయన్ని ముందువైపుకు పంపాను. సొరుగులోంచి గోళ్ళరంగు సీసా తెచ్చి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కూర్చుని నాలుగు గీతలు గీశాను. అగ్గిపుల్ల వెతికే ఓపిక కూడా లేదు, సీసా బ్రష్షుతోనే గీశాను. నా చెయ్యి వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు నన్ను నేను కొంచెం నమ్మేదాన్ని.

నిమ్మకాయలు నలిగాయి. జీపు ఏనుగులా కదిలి గుమ్మం దాటింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఏడుకొండలు తిరిగొచ్చి ఖాళీ స్థలం చూశాడు. నేనే బిగించి పంపానన్నాను. పైపు వేశారా అని అడిగాడు. నాకు పాఠాలు చెబుతున్నావా అని కసిరాను. ఆయన నా చీర వైపు ఒకసారి చూశాడు. చీర మీద గ్రీజు చుక్క కూడా లేదు.

మర్నాడు ప్రసాదు గారికి ఫోను చేసి, వీలైతే ఒకసారి బండి చూపించుకెళ్ళమన్నాను. చెరువుల్లో రొయ్యలు పట్టడం అవగానే వస్తానన్నాడు. సరేనన్నాను. ఎందుకు రమ్మంటున్నానో చెప్పలేదు. ఎంతటి చిన్న విషయానికైనా గంట వాదించే నేను, సరే అని ఫోను పెట్టేశాను.

ఇరవై రోజులకు వానలు ముంచుకొచ్చాయి. మురుగుకాలువ పొంగి చెరువులకూ రోడ్డుకూ మధ్య ఉన్న గట్టు మునిగింది. చెరువుల కాడ గుడిసెల్లో పనివాళ్ళు కుటుంబాలతో చిక్కుకుపోయారు. ట్రాక్టర్లు ఆగిపోయిన చోట ప్రసాదు గారు మా జీపు దింపాడు. ఎవరో తీసిన వీడియో నాకు పంపారు. ఎన్నిసార్లు చూశానో. ఎటు చూసినా నీళ్ళే, ఏది గట్టో ఏది చెరువో తెలియదు. ఆ నీళ్ళ మీద, చక్రాలు మునిగినా ఒళ్ళు మునగకుండా, ఆ జీపు నడిచి వస్తోంది. ఉత్సవ విగ్రహం ఊరేగివస్తున్నట్టు. లోపల ఆడవాళ్ళు, పసిపిల్లలు, ఒక మేక. రోడ్డు మీది జనం దండాలు పెడుతున్నారు. ఏడుకొండలు చేతుల పని అది. నాలుగు మూలల్లో మూడు మూలలు ఆయనవి. నాలుగోది నాది.

మొదటి ట్రిప్పులో తొమ్మిదిమంది వచ్చారు. రెండో ట్రిప్పులో పదకొండు మంది. మూడోసారి ప్రసాదు గారు ఒక్కడే వెనక్కి వెళ్తుంటే వెనక ఎడమవైపు ఇరుసు జారింది. బండి అడ్డం తిరిగి చెరువులోకి ఒరిగింది. ఆయన మోకాలి మీద ఇంజను బరువు పడి కాలు పనికిరాకుండా పోయింది. ఒక్క ట్రిప్పు ముందు జారి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర నా బుర్ర ఈనాటికీ ఆగిపోతుంది. ఆ పదకొండు మందినీ గట్టు చేర్చింది ఎవరు? నేను కాదు. నేను వాళ్ళను ముంచడానికి చేయాల్సిందంతా చేశాను.

బండిని లాక్కొచ్చి మా షెడ్డు ముందు పడేశారు. ప్రసాదు గారు ఆసుపత్రిలో ఉంటే ఆయన భార్య వచ్చింది. ఒక నట్టు ఊడిపోయింది, మూడింటి మీద గీతలు విరిగి ఉన్నాయి.

"ఎర్రగీత చూసి కళ్ళు మూసుకు తోలమన్నారు గదండీ. తోలాడు మా ఆయన. రండి, ఇప్పుడు చూడండి మీ గీత!"

ఏడుకొండలు గొంతుక్కూర్చుని బొటనవేలితో బురద తుడిచాడు. లావుపాటి బ్రష్షు గీతలు. ఆయన జన్మలో అలాంటి గీత గీయలేదు. చాలాసేపు చూశాడు. నా వైపు మాత్రం తల తిప్పలేదు.

"గీత నాదేనమ్మా," అన్నాడు.

"నీదైతే మరి బిగించలేదేం?"

"లేదమ్మా. తప్పయిపోయింది."

"తప్పయిపోయిందా? ఎంత తేలిగ్గా అన్నావయ్యా! మనిషి మంచం మీదున్నాడు. నీ చేతులు పడిపోనూ!"

"అనండమ్మా, పడతాను. బండెక్కినోళ్ళంతా గట్టెక్కారా?"

ఆమె కోపం ఒక్కసారిగా ఏడుపైపోయింది. "ఎక్కారు. అందరూ ఎక్కారు. పిల్లలూ ఎక్కారు."

"అంతే చాలమ్మా," అని ఆ విరిగిన గీతల మీద అరచెయ్యి పెట్టి కూర్చుండిపోయాడు.

అప్పుడైనా నేను నోరు తెరవాలి కదా. తెరిచాను. "వాళ్ళావిడకు కంటి ఆపరేషనండీ ఆ రోజు. మనసు ఇంటి దగ్గరుంది పాపం," అన్నాను. జాలి పడుతున్న గొంతుతో అన్నాను. ఆటోనగర్ కథలో ఇప్పటికీ నడుస్తున్న ఆ ముక్క నాదే. గీత కన్నా, నట్టు కన్నా ఆ "పాపం" అన్న మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆయన్ని నేను పనిలోంచి తీసేయలేదు. అలా అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను కూడా. "ఏడుకొండలు చెయ్యి పెట్టకుండా చేయించండి మేడం" అని కస్టమర్లంటే సరేనన్నాను. నట్టు చప్పుడు విని పావు తిరుగుడు చెప్పగల మనిషిని లారీలకు గ్రీజు పెట్టడానికి పంపాను. నాలుగు నెలలు పెట్టాడు. ఆ నాలుగు నెలలూ ప్రతి సాయంత్రం చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, నా బల్ల ముందుకొచ్చి ఒక నిమిషం నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. నేను బిల్లు పుస్తకంలోంచి తలెత్తేదాన్ని కాదు. తర్వాత వెళ్ళొస్తానండీ అని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు రాలేదు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల కట్టలు బాగుచేస్తున్నాడని తర్వాత తెలిసింది.

పోయిన నెల మా షెడ్డులోనే కొత్త ఫిట్టరొకడు ఇంకొకడిని వెక్కిరిస్తూ ఆ సామెత అన్నాడు. అందరూ నవ్వారు. అలవాటుగా నా ముఖం కూడా నవ్వడానికి సిద్ధమైంది. అది నాకు తెలిసింది. ఆ రోజే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

ప్రసాదు గారు చేతికర్ర పట్టుకుని ఇప్పటికీ మా షెడ్డుకు వస్తారు, అక్కా అనే పిలుస్తారు. ఈసారి వచ్చినప్పుడు ఇది ఆయన చేతికిస్తాను. ఆ తర్వాత ఏమని పిలుస్తారో ఆయన ఇష్టం. క్షమించమని ఇది చదువుతున్న మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. రాశాక గొంతులో రాయి కాస్త కదిలిందా అంటే, కదిలింది. ఏడుకొండలు మోస్తుండగా నాకు తేలికవడమేమిటని సిగ్గుగానూ ఉంది. అయినా దాన్ని కూడా దాచను.

ఆయన నన్నెందుకు కాపాడాడని ఒకప్పుడు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, కాపాడలేదేమో. నా మాట నేనే చెప్పుకునేందుకు చోటిచ్చాడేమో. అంత చోటు ఒక మనిషిలో ఉంటుందా అని, ఆ వీడియోలో నీళ్ళను చూసినట్టే చూస్తూ ఉండిపోతున్నాను. అడగాలని ఉన్నది ఒక్కటే.

ఏడుకొండలు గారూ, నేను చెబుతానని మీరు ఎన్ని సాయంత్రాలు నమ్మారు?