వడగట్టి పారేసిన పొడి

ఏదైనా ఉండ కట్టకుండా కలపడంలో తనను మించినవాడు మేడ్చల్ చుట్టుపక్కల లేడని కుర్మయ్యకు గట్టి నమ్మకం. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టడం మానేసి, పెద్ద ఫ్యాన్లకు ఫైబర్ రెక్కలు చేసే కంపెనీలో చేరి పద్దెనిమిదేళ్ళయింది. రెక్కలకు వాడే ఎపాక్సీ, అంటే ఆ చిక్కటి జిగురు, అతని చేతుల మీదుగానే పోయేది. చెయ్యి మంచిదే. నోరే కాస్త పెద్దది.

నిరుడు కొంపల్లి నుంచి ప్రణీత అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. రెక్క ఒక్క దెబ్బకు విరగదు, ఊగీ ఊగీ అలిసిపోయి విరుగుతుంది. జిగురులో నానో సిలికా అనే అతి సన్నటి పొడి కలిపితే నాలుగింతలు ఓర్చుకుంటుందని ఆమె వాదన. మేనేజరు శ్రీనివాసరావు ఒక్క అవకాశం ఇచ్చాడు.

"నాలుగు గంటలు మిషన్ మీద తిప్పాలె కాకా. ఉండ మిగిలిందా, బీట అక్కడ్నే మొదలైతది," అని చెప్పింది ప్రణీత.

"గింత పిండి కలపనీకి నాలుగు గంటలా, మేడం?" అని నవ్వి, గంటకే మిషన్ ఆపేశాడు కుర్మయ్య. చూస్తే నిండా ఉండలు. ఇంట్లో అంబలి ఉండ కడితే భార్య బాలనర్సమ్మ పల్చటి బట్టలో వడగడుతుంది. ఈయనా అదే చేశాడు. బట్టలో మిగిలిన తెల్లటి ముద్దను చెత్తడబ్బాలో పడేశాడు. తేటగా దిగిన జిగురును చూసి మురిసిపోయాడు కూడా.

ఆ జిగురుతో పోసిన నమూనా పట్టీలను పరీక్ష మిషన్ లాగుతూ వదులుతూ లెక్కపెట్టింది. పొడి లేని పట్టీ ఎనభై వేల సార్లకు తెగుతుంది. ఇవీ అక్కడికే పుటుక్కుమన్నాయి. బలమంతా తాను పారేసిన ముద్దలోనే ఉందని కుర్మయ్యకు అప్పుడు అర్థమైంది.

చెప్పాల్సింది. చెప్పలేదు. ఇన్నేళ్ళ పేరు అడ్డొచ్చింది. పది రోజులు ఆ పిల్ల తిండి మానేసి లెక్కలు తిరగేస్తుంటే, ఎవరూ అడక్కుండానే "నేనైతే మంచిగనే కలిపిన" అన్నాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. సిగ్గుతో చస్తూనే అన్నాడు.

పదకొండో రోజు మేనేజరు అందరినీ పిలిచాడు. "కలపడంలో ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదు సార్," అంది ప్రణీత. "కుర్మయ్య కాక చెయ్యి తప్పు పోదు. నా లెక్కనే తప్పయి ఉంటది. ఇగ ఆపేద్దాం."

కుర్మయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆమె తిట్టినా బాగుండేది.

"ఆపకుండ్రి సార్. గా పొడి నేనే వడగట్టి పారేసిన," అన్నాడు తల దించుకుని.

మేనేజరు అరవబోయాడు. ప్రణీత ఆయన్ని ఆపి, కుర్మయ్య వైపు తిరిగింది.

"రేపటి సంది పొడి నేనే కలుపుకుంటా," అంది మెల్లగా, "కుర్మయ్య గారూ."

ఆ కంపెనీలో అంతవరకు అతన్ని గారు అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కాకా అన్న పిలుపు పోయి వచ్చిన ఆ మర్యాదకు కుర్మయ్య కుంగిపోయాడు.