కుడివైపు పతకాలు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెబుతాను. ఖాదర్ కోటుకి కుడివైపున్న పతకాలు తీసి, నా చేత్తోనే ఎడమవైపు పెట్టాను. అంతకంటే పెద్ద తప్పు, ఆ తర్వాత నోరు తెరవకపోవడం.

మెల్‌బోర్న్. 1999 ఏప్రిల్, ఆంజాక్ డే. యుద్ధాలు చేసినవాళ్లూ, వాళ్ల వారసులూ కవాతు చేసే రోజు. ఉదయం ఏడున్నరకి సెయింట్ కిల్డా రోడ్డులో రిపోర్ట్ చేశాను. సన్నటి తుంపర, దక్షిణం నుంచి చలిగాలి. నా దగ్గరున్నవి ఒక వాకీటాకీ, చేతికి పసుపు పట్టీ, నడుముకి ఆఫీసు పేజర్. భారత సైన్యంలో సిగ్నల్స్‌లో పదిహేనేళ్లు చేసి, హవల్దారుగా బయటికొచ్చి, అమీర్‌పేటలో కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, కంప్యూటర్లని 2000 సంవత్సరానికి సిద్ధం చేసే వై2కె పని మీద ఈ దేశం వచ్చినవాణ్ణి. ఇక్కడి సైనిక వారసుల సేవాసంఘం వాళ్లు, సైన్యంలో చేసినవాణ్ణని నన్ను ఒక వరుసకి మార్షల్‌గా వేశారు. మిత్రదేశాల సైనికుల పిల్లలూ మనవలూ నడిచే వరుస. వాళ్లని నిలబెట్టడం, బారు తీర్చడం, నడిపించడం నా డ్యూటీ.

అంతకుముందు బుధవారం సంఘం సెక్రటరీ, నియమాలు చెబుతాను రమ్మంది. ఆఫీసులో పనుందని వెళ్లలేదు. పని ఉన్న మాట నిజమే. కానీ కవాతు గురించి ఈ సివిలియన్లు నాకేం చెబుతారన్నది అసలు కారణం.

ఖాదర్‌ది కడప. డాండెనాంగ్‌లో కిరాణా కొట్టు. వాళ్ల నాన్న రెండో ప్రపంచయుద్ధంలో, ఉత్తర ఆఫ్రికా ఎడారిలో, ఆస్ట్రేలియన్ల పక్కనే ఉండి మందుపాతరలు తీశాడు. ఆయన పతకాలని ఇన్నేళ్లూ దాచిన వాళ్లమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. మే నెలాఖరుకి వెళ్లిపోతుంది. ఆరోగ్యం అంతంతమాత్రం, మళ్లీ వచ్చే ఓపిక లేదు. భర్త పతకాలు కవాతులో నడిచిపోతుంటే ఒక్కసారి చూడాలన్నది ఆమె కోరిక. ఆమెని రోడ్డు పక్క కంచె దగ్గర మడత కుర్చీలో కూర్చోబెట్టి ఖాదర్ వరుసలోకి వచ్చాడు.

కుడివైపు పతకాలు చూడగానే నాకు చిర్రెత్తింది.

"ఏంటి ఖాదర్ భాయ్, పెళ్లికొచ్చావా? పతకాలు గుండె మీదుండాలి."

"సెక్రటరీ మేడం ఈ పక్కే అనింది సార్."

"యూనిఫాం వేసింది ఆమా, నేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు మా వైపు చూశారు. నేను పిన్ను తీసి, పతకాలు ఎడమవైపు గుచ్చాను.

ఇక్కడి ఆచారం వేరని తర్వాత తెలిసింది. యుద్ధం చేసినవాడు ఎడమవైపు పెట్టుకుంటాడు. వారసుడు కుడివైపు. ఇంకొకరి పతకం ఎడమవైపు పెట్టుకుంటే, చేయని యుద్ధం చేశానని చెప్పుకున్నట్టే. బుధవారం సెక్రటరీ చెప్పింది ఇదేనట.

బ్యాగ్‌పైపులు మొదలయ్యాయి. కదిలాం. ఖాదర్ వాళ్లమ్మ కుర్చీ కనిపించేంత దూరంలో, చేతికర్రతో ఉన్న ఒక ముసలి సైనికుడు వరుసకి అడ్డం వచ్చాడు. ఎడమవైపు నిండా ఆయన సొంత పతకాలు. ఖాదర్ ఛాతీ మీద కర్ర ఆనించాడు.

"ఈ యుద్ధం జరిగినప్పటికి నువ్వు పుట్టావా, మేట్? బయటికి రా."

ఖాదర్ నా వైపు చూశాడు. నేను పెట్టానని ఒక్క మాటంటే సరిపోయేది. ఇంతలో వాకీటాకీలో సెక్రటరీ గొంతు.

"మార్షల్ టూ, మీ వరుస ఎందుకాగింది? ఓవర్."

"ఒకాయన బయటికొచ్చాడు. ఇబ్బందేం లేదు. ఓవర్."

ఖాదర్ తల వంచుకుని పక్కకెళ్లాడు. కుర్చీలోంచి వాళ్లమ్మ లేచింది. నా కొడుకు ఏం చేసినాడని కంచె పొడుగునా కనిపించినవాళ్లనల్లా తెలుగులో అడుగుతోంది. ఆ వరుసలో ఆమె మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. కళ్లు ముందుకు పెట్టుకుని ఆమె పక్కనుంచే నడిచాను.

మర్నాడు కొట్టుకి వెళ్లాను. ఖాదర్ ఉల్లిపాయలు తూస్తున్నాడు, తలెత్తలేదు. లోపల గదిలో వాళ్లమ్మకి జరిగింది చెప్పి క్షమించమన్నాను.

"నాలుగ్గోడల మధ్య చెప్తే ఏం లాభం నాయనా? నా కొడుకు తల దించుకుండేది నలుగుర్లో. ఆడ చెప్పు."

సెక్రటరీకి ఫోన్ చేశాను. తర్వాతి సమావేశం జూన్‌లో అంది. అప్పటికి ఖాదర్ వాళ్లమ్మ ఇక్కడ ఉండదన్నాను. సంఘం పత్రికలో రెండు లైన్లు వేస్తామంది. ఆమెకి ఇంగ్లీషు రాదన్నాను. మూడుసార్లు సెక్రటరీ ఇంటికెళ్తే, సంఘం హాల్లో ఆదివారం టీ దగ్గర ఐదు నిమిషాలిచ్చింది.

ఆ హాల్లో నిలబడి ముందు ఇంగ్లీషులో చెప్పాను. పతకాలు మార్చింది నేను. అడ్డం పడనిది నేను. వాకీటాకీలో అబద్ధం చెప్పింది నేను. అదే మళ్లీ తెలుగులో చెప్పాను. కర్ర ఉన్న పెద్దాయన లేచి, టోపీ తీసి, అడక్కుండా అనేశానని ఖాదర్ చేయి పట్టుకున్నాడు.

వాళ్లమ్మ నా వైపు చూడలేదు. కొడుకునే అడిగింది.

"ఇంగ్లీసులో గూడా ఇదే చెప్పినాడా? ఏమన్నా తగ్గించినాడా?"

"తగ్గించలేదు అమ్మీ."

అప్పుడు టీ తాగింది.

కవాతు మాత్రం ఆమె చూడలేదు. అది తిరిగి ఇవ్వడం నా వల్ల కాలేదు. మళ్లీ మార్షల్ పట్టీ కట్టలేదు. ఏటా ఆ ఉదయం కంచె బయట నిలబడతాను. పిల్లల కోసం వచ్చిన మన పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే, ఇప్పుడు వస్తున్నది ఎవరో, ఎందుకు ఆగారో, పక్కనే ఉండి తెలుగులో చెబుతుంటాను.