అత్తగారి మోకాళ్లు, నా తాలుకాయలు

చికున్‌గున్యా ఊరంతటినీ మంచమెక్కించిన ఏడు మా అత్తగారూ ఎక్కింది. ఊరు దిగింది, ఈవిడ దిగలేదు. వానల్లో వచ్చిన జ్వరం ఎప్పుడో పోయింది గానీ, మిరపకాయ కళ్లానికొచ్చేసరికి ఆవిడ తొడలు పత్తికట్టెల్లా అయ్యాయి. నోరు మాత్రం చిక్కలేదు.

"కండ కరిగిపోతోందమ్మా. నడవాలి, కూర్చుని లేవాలి. లేదంటే ఇక లేవలేరు" అన్నాడు నరసరావుపేట డాక్టరు.

"పనీపాటా లేకుండా రోడ్డంట తిరగడానికి నేనేమన్నా ఆబోతునా?" అంది ఆటోలో.

మాది గొంతుక్కూర్చునే లెట్రిను. ఆవిడ లేవలేకపోతే లేపాల్సింది నేను. రోజూ నా మెడ పట్టుకుని లేవడం, లేచాక నన్నే తిట్టడం. ఏడో తరగతిలో బడి మానేసినా, ఇది ఎంతకాలం సాగుతుందో లెక్కేసుకోగలను. నా చెయ్యి పట్టుకోవడం కన్నా చావే నయమని ఆవిడ కూడా పక్కింటావిడతో అంది, నాకు వినపడేలా.

కళ్లం ఇంటి పక్కనే, ఆవిడ మంచం కళ్లం అంచున పాకలోనే. ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరేటప్పుడు ఆవిడ కన్నుపడితే కూలోళ్లు హడలిపోయేవాళ్లు. నేను సరిగ్గా మంచానికెదురుగా కూర్చుని, తాలుకాయలు మంచి రాశిలోకి విసరడం మొదలుపెట్టా.

"ఏమేవ్, కళ్లు పోయినయ్యా? తాలు అటేస్తావేంటే!"

"ఎర్రగానే ఉన్నాయిగా అత్తయ్యా. అంత దూరం నుంచి మీకేం కనపడతాయి, పడుకోండి."

"నీ మొహం ఎర్రగా ఉంది!"

కర్ర పట్టుకుని దిగింది. గొంతుక్కూర్చుని ఏరింది, ఏరినంతసేపూ తిట్టింది. లేవబోయి కూలబడింది. చెయ్యిచ్చా.

"ముట్టుకున్నావంటే కళ్లల్లో కారం కొడతా!"

పాక గుంజ పట్టుకుని, వణుక్కుంటూ లేచింది.

మర్నాడు తాలు అవతలి రాశిలో కలిపా. ఆ మర్నాడు ఇంకా అవతలి మూలన. ప్రతి రాశి దగ్గరా కూర్చోవడం, లేవడం, నా పుట్టింటోళ్లని ఒక్కొక్కళ్లనే తలుచుకోవడం. ప్రేమతో చేశానని ఎవరూ అనుకోవద్దు. నాకు నా మెడ కావాలి.

బస్తాలకెత్తే రోజున ఆఖరి రాశి దగ్గర కూర్చుంది. గుంజ దూరంగా ఉంది, కర్ర మంచం దగ్గరే ఉండిపోయింది. అలవాటుగా చెయ్యి చాపా. ఆవిడ మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి, పళ్లు బిగించి, తనంతట తనే లేచి నిలబడింది. చాపిన నా చేతిలో, కొంగులోంచి తీసి గుప్పెడు తాలుకాయలు పోసింది.

"కూరలో వేసుకో. నీకూ వాటికీ తేడా లేదు."

చెంబు తీసుకుని లెట్రిన్‌కి వెళ్లి, లోపల్నుంచి గడియ పెట్టుకుంది.