మా నాయన ఊదిన విజిల్

మా చిన్నప్పుడు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయే బస్సులో నన్ను చూసి జనం కాస్త పక్కకు జరిగి కూర్చునేవాళ్ళు...

రోడ్డు పక్కన ఫర్లాంగు రాయి కనబడగానే నేను "చెడుగుడు చెడుగుడు" అని మొదలుపెట్టాలి. తరువాతి రాయి దాటేదాకా ఊపిరి తీయకూడదు. పక్కన మా నాయన దేవదానం, ఆళ్ళగడ్డ బడిలో డ్రిల్ మాస్టరు... నా ముక్కు దగ్గర వేలు పెట్టి, గాలి లోపలికి పోతోందేమో చూసేవాడు.

ఒకసారి శిరివెళ్ళలో ఎక్కిన ముసలామె ఉండబట్టలేక అడిగింది.

"ఏందప్పా, పిల్లోనికి ఏం పట్టింది? యాడికి తీస్కపోతాండావ్, తాయెత్తు కట్టించనీకా?"

"ల్యాదవ్వా, వాళ్ళమ్మమ్మ ఇంటికి. ఆట నేర్సుకుంటాండాడు."

"బస్సులో ఆడే ఆట యాడన్నా ఉందా సామీ!" అని ఆమె బుట్ట తీసుకుని ముందు సీటుకు పోయింది...

చెడుగుడు తెలియని పిల్లల కోసం ఒక మాట. అవతలి జట్టులోకి పోయి, వాళ్ళను తాకి, గీత దగ్గరికి తిరిగి వచ్చేదాకా ఆపకుండా అనే ఆ మాటను కూత అంటారు. మధ్యలో ఊపిరి తీస్తే కూత తెగినట్టు... అవుట్.

మా ఇంట్లో అన్ని కాలాల్లోనూ ఆ కూతే. వానాకాలంలో నల్లరేగడి చేలో పరుగు... ఒక్కో కాలికి పిడకంత మట్టి అంటుకునేది. చలికాలంలో క్రిస్మస్‌కు నంద్యాల పోతే, పొద్దున్నే కుందూ ఒడ్డున. ఎండాకాలం ప్యాపిలిలో పెద్దమ్మ ఇంట్లో, మామిడికాయలు తినాల్సిన సెలవుల్లో కూడా! మా అమ్మ మాత్రం జొన్నరొట్టెలో చెనక్కాయల ఊరిబిండి పెట్టి, "వాడు మనిసా, కొలిమితిత్తా?" అని నాయనను దెప్పేది. (ఆ పచ్చడి రోట్లో నూరితేనే రుచి. మిక్సీలో వేస్తే అది వేరే పదార్థం. సరే, దారి తప్పుతున్నాను...)

నాకు పదిహేనేళ్ళప్పుడు నంద్యాలలో డివిజన్ జట్టుకు ఎంపిక జరిగింది. ఎంపికైనవాళ్ళు కర్నూలుకు పోతారు. నేనప్పటికి కర్నూలు చూసి ఎరగను. అంతకన్నా పెద్ద సంగతి, జట్టు బనియను ఇస్తారు... వీపు మీద నంబరుతో!

అంపైరుగా రావాల్సినాయన రాలేదు. విజిలు మా నాయన మెడలో పడింది. నా సంతోషం చూడాలి... ఎవరన్నా దొంగాట ఆడితే పట్టుకోవడానికి నాయన ఉన్నాడులే అనుకున్నాను.

ఆఖరి కూత నాది. పోయినాను. ఇద్దరిని తాకినాను. ఒకడు మడమ పట్టుకున్నా విదిలించుకుని, బోర్లా పడి, చెయ్యి చాచి గీత తాకినాను. నోట్లో దుమ్ము... దుమ్ముతోనే కూత.

విజిలు మోగింది. "కూత తెగింది. అవుట్."

మావాళ్ళు అరిచినారు. అవతలి జట్టువాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం నాయన వైపే చూస్తున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

జట్టులో నా పేరు లేదు. తిరుగు బస్సులో అడిగినాను.

"నాయనా... నా కూత తెగిందా?"

"తెగల్యా."

"మరి ఎందుకూదినావ్?"

"గెలిచినావని ఊదితే ఏమంటారు? మాస్టరు కొడుకును జట్టులోకి తోసినాడంటారు. ఊర్లో తలెత్తుకోవల్లనా, వద్దా?" అని కిటికీ బయటికి చూసినాడు.

తప్పు చూసినాడేమో, పొరపాటు పడినాడేమో అని అప్పటిదాకా నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఆ మాటతో అదీ పోయింది...

అసలు దెబ్బ మరునాడు తగిలింది. నాయన నన్ను వెంటబెట్టుకుని టీ అంగడికి పోయినాడు. అంగడాయన లేచి నిలబడినాడు.

"సొంత కొడుకునే ఇడిసిపెట్టల్యాదంట గదా సారూ! ధర్మరాజువప్పా నువ్వు. రా, కూర్సో!"

నాయన వద్దనలేదు. కూర్చున్నాడు. నవ్వుతూ టీ తాగినాడు... అంగడాయన నా భుజం తట్టి, "ఇట్లాంటి నాయన కడుపున పుట్టినందుకు గర్వపడల్ల రా పౌలూ" అన్నాడు. నిజం నా నాలుక చివర ఉంది. చెప్పలేదు. నాయన తల వంగుతుందని చెప్పలేదు.

అమ్మకు ఒక్కతెకే చెప్పినాను. అన్నం దగ్గర ఆమె గిన్నె కింద పెట్టి నాయనను అడిగింది. "ఊరోళ్ళ నోటికి భయపడి కొడుకు నోరు నొక్కితివా?"

"గమ్మునుండు" అన్నాడు నాయన. అంతే. ఆ తరువాత ముప్పై ఏళ్ళు బతికినాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ధర్మరాజు పేరు మాత్రం ఆయన సమాధి దాకా వెంట వచ్చింది. ఆ రోజు నలుగురు పెద్దమనుషులు ఆ కథే చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. నేను చేతులు కట్టుకుని విన్నాను.

మొన్న నంద్యాలలో మనవరాలి ఆట చూడబోయినాను. ఎవరో పిల్ల అవుటయింది... స్పష్టంగా అవుటే. వాళ్ళ నాయన కంచె దూకి వచ్చి, "నా బిడ్డ అవుట్ కాలేదు సార్!" అని అంపైరు మీదికి పోయినాడు. జనం నవ్వినారు. నా పక్కనున్నాయన, "ఏం మనుషులప్పా, మన కాలంలో ఇట్లా ఉండిందా?" అన్నాడు.

ఉండలేదు అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూనే వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని పోయింది... డెబ్బై ఏళ్ళ వయసులో, పదేళ్ళ పిల్లను చూసి నాకు కుళ్ళు పుట్టింది.

మీ ఇంట్లో కూడా ఎవరి మంచిపేరు కిందనైనా మీరు నలిగి ఉంటే రాయండి. మా ఇంట్లో అయితే పేరు పోతుందని భయపడాల్సినవాళ్ళు ఇప్పుడు లేరు గదా...