ఎర్ర దారం కట్టిన ఆకుల సంచులు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. బాలమణక్క పోయింది.

పోయిన వారమే ఫోన్‌లో నన్ను తిట్టింది. మా కాలనీలో రాలిన ఆకులు కాలబెడుతుంటే ఆపలేదని.

అట్లా తిట్టిన మనిషి లేదంటే ఎట్లా నమ్మాలి?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క కొత్తకోట దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టింది. ఎనభైల్లో మేమిద్దరం ఒకే కాలేజీలో బోటనీ లెక్చరర్లం. రాలిన ఆకులను నేల మీద, నీళ్లలో మురగబెట్టే ఫంగస్ మీద ఆమె పిహెచ్‌డీ.

స్టాఫ్ రూమ్‌లో నవ్వేవాళ్లు. "ఏం మేడం, ఇయ్యాల ఎన్ని ఆకులు మురిగినయ్?"

"గవి మురగకుంటే మీ టిఫిన్ డబ్బల అన్నం ఎక్కడిది సార్?" అనేది.

అమ్రాబాద్ అడవిలో ఒక వాగు. దోమతెర గుడ్డతో సంచులు కుట్టి, మద్ది ఆకులు నింపి, నీళ్లలో రాళ్లకు కట్టేది. దూరం నుంచి కనబడాలని ఎర్ర దారం. నెలనెలా ఒక్కో సంచి తీసి, ఆకు ఎంత కరిగిందో చూసేది.

ఒకసారి మేం పోయేసరికి సంచులన్నీ ఒడ్డు మీద కుప్పగా ఉన్నాయి. చుట్టూ జనం, చేతుల్లో కర్రలు, అగ్గిపెట్టెలు.

ఊళ్లో మేకలు చస్తున్నాయట. నీళ్లలో ఎర్ర దారం మూటలు చూసి బాణామతి, చేతబడి అనుకున్నారు. ఆ రోజుల్లో మా దిక్కు ఆ అనుమానం వస్తే, మంత్రం నోట పలకకుండా మనిషి పళ్లు ఊడగొట్టేవాళ్లు.

"అక్కా, పోదాం పా" అన్నాను.

"నువ్వు పో. గివి కాలితే నా చదువు కాలినట్టే."

పోయి ఆ కుప్ప ముందే కూర్చుంది.

"గొర్లోళ్ల బిడ్డను నేను. మేకల్ని సంపుతనా? అగ్గి ఎవ్వలు పెడ్తరో పెట్టుండ్రి, సూస్త."

ఎవరూ కదల్లేదు. అక్క మైక్రోస్కోప్ తీసి బండ మీద పెట్టింది. వాగు నురుగు ఒక చుక్క గాజుపలక మీద వేసి, వాళ్లలో ఒక ముసలామెను పిలిచింది. "నువ్వు సూడు అవ్వా."

నాలుగు చేతులు చాచిన ఫంగస్ బీజాలు.

"ఓ యమ్మ! పల్లేరు కాయలే! కాళ్లల్ల గుచ్చుకుంటయా?"

"గుచ్చుకోవవ్వా. రాలిన ఆకును పట్టుకొని మెత్తగ చేస్తయ్. గప్పుడు పురుగులు తింటయ్. పురుగుల్ని చేపలు తింటయ్."

అవ్వ నవ్వలేదు. "గట్లయితే ఎర్ర దారం ఎందుకే పిచ్చిదానా? తెల్లది కట్టు."

కర్రలు దిగాయి. కానీ సంచులు సగం చిరిగిపోయాయి. ఆ ఏడాది పని అంతా పోయింది.

మళ్లీ వానాకాలం అదే వాగుకు పోయింది. అన్నిటికీ తెల్ల దారం కట్టింది. ఒక్క సంచికి మాత్రం ఎర్రదే.

"ఎందుకక్కా మళ్లీ?"

"జర అలవాటు కానీ వాళ్లకు."

నిన్న సాయంత్రం వాళ్ల చేనులో, కానుగు చెట్టు కింద పూడ్చిపెట్టాం. మట్టి కప్పగానే ఎవరో చీపురు తెచ్చారు. గుంజుకున్నాను. పైన సిమెంటు గద్దె కట్టాలన్న మాట కూడా వినబడింది.

దినాలకు వచ్చేవాళ్లకు ఇప్పుడే చెబుతున్నాను. అక్కడ ఆకులు ఊడ్చొద్దు. కాల్చొద్దు. గద్దె కట్టొద్దు. కాదనేవాళ్లు రండి, అక్కడే కూర్చుని ఉంటాను.

చెట్టుకు ఎర్ర దారం కట్టి వచ్చాను.

నిమ్మళంగా పడుకో అక్కా. నీ మీద ఆకులు రాలుతున్నాయి.