తలుపు చాటు భోజనం

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ ఆరు నెలలుగా మొగుడికి కనబడకుండా తింటోంది. దొంగతిండి అనేంత రుచులేమీ కావు. రొట్టెముక్క, ఉడికించిన గుడ్డు, ఒక్కోరోజు అరటిపండు. లాండ్రీ వెనకగదిలో దుప్పట్ల మూటల మధ్య నిలబడి గబగబా కుక్కుకుని, నోరు కడుక్కుని ఇంటికి పోతుంది. ఆయన “ఎంగిలిపడ్డావా?” అంటే “అక్కడే అయిపోయిందండీ” అంటుంది. అది అబద్ధం కాదు గానీ, ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడదు.

ఆయన తాళాలు బాగుచేస్తాడు. వంట ఆయనకి పిచ్చి. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, పాడుచేసి పాడుచేసి వచ్చిన విద్య. ఆమెకి పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటేనే ఒళ్ళుమంట. రోజంతా ఇస్త్రీపెట్టె సెగ చాలదా అనేది. తినమంటే మాత్రం పీట వేసుకుని కూర్చునేది. పెళ్ళైన కొత్తలో ఆయన చేపల కూర మాడబెడితే, గిన్నె అడుగు గీకి మరీ తిని “ఇదే బావుంది” అంది. ఆ రోజు నుంచి ఆయన తన వంట తాను రుచి చూడటం మానేశాడు. గరిటెతో రెండు చుక్కలు ఆమె అరచేతిలో వేసేవాడు. ఆమె నాలిక మీద పెట్టుకోగానే మొహంలోకి చూసేవాడు. ఉప్పు చాలిందో లేదో ఆ మొహమే చెప్పాలి.

తర్వాత ఆయనకి అన్నవాహికలో జబ్బొచ్చింది. ఆపరేషన్ చేసి, ఇక నోటితో ఏమీ తీసుకోకూడదన్నారు. కడుపులోకి గొట్టం వేసి, పాలలాంటి ద్రవం సంచిలోంచి ఎక్కించడం నేర్పి ఇంటికి పంపారు. మొదటిరోజు ఆమె కంచం ముందు కూర్చుంటే ఆయన కన్నార్పకుండా చూశాడు. ఆమె గుండె తరుక్కుపోయింది. కంచం పట్టుకుని లేచిపోయింది. మర్నాడు గిన్నెలన్నీ అటకెక్కించేసింది. పక్కింట్లో ఉల్లిపాయలు వేగుతుంటే పరుగెత్తుకెళ్ళి కిటికీ మూసేది. ఆ ఇంట్లో ఇక మందుల వాసన ఒక్కటే మిగిలింది.

అలాంటి ఇంట్లో ఆయన ఒకరోజు ఫోన్‌లోంచి తలెత్తి, “ఈసారి ఆ వంటల క్లాసుకి పోదాం” అన్నాడు.

సముద్రం ఒడ్డున ఒక పాత ఇల్లు. సరదాగా వండుకునేవాళ్ళకి వారం రోజులు నేర్పుతారు. పొద్దున్నంతా వండటం, మధ్యాహ్నం పొడుగాటి బల్ల చుట్టూ చేరి వండింది తినడం. ఏటా సెలవులు రాగానే “వచ్చే ఏడు పోదాం” అనుకునేవాళ్ళు. ఆ వచ్చే ఏడు అన్న మాట ఇప్పుడు ఇద్దరూ ఎత్తడం లేదు.

ఆడపడుచు విని బుగ్గలు నొక్కుకుంది. “మంచినీళ్ళు మింగలేనివాడికి వంటల క్లాసేమిటి వదినా? నువ్వైనా చెప్పవేం?”

చెబితే వినే మనిషా! ఆ ఇంటివాళ్ళని మెట్లెక్కక్కర్లేని గది ఉందా అని అడిగాడు. సంచి తగిలించడానికి మంచం పక్కన మేకుందా అని అడిగాడు. రైల్లో కిటికీ సీటు ఆమెకే అన్నాడు. ఇంత హుషారు చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

“అంతమంది తింటుంటే చూస్తూ కూర్చుంటారా? నా ప్రాణం తియ్యడానికా ఇదంతా?” అని అరిచేసింది.

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు.

“వండేటప్పుడు నేనెప్పుడైనా నోట్లో పెట్టుకున్నానా? నీ మొహమేగా చూసేవాణ్ణి,” అన్నాడు. “నా నోరు కట్టేశారు, సరే. నువ్వు తింటుంటే చూడకుండా కూడా చేశావు కదే. ఇంట్లో అడిగితే లేచిపోతావు. అక్కడైతే పదిమందిలో లేవలేవని…”

ఆమెకి అప్పుడర్థమైంది. ఆ మొదటిరోజు ఆయన చూసింది కంచాన్ని కాదు. ఆరు నెలల పాటు, జాలిపడుతున్నాననుకుని, ఆయనకి మిగిలిన ఒక్క రుచినీ తనే లాగేసుకుంది.

మర్నాడు సముద్రం ఒడ్డు ఇంటికి ఆమే ఫోన్ చేసింది. అవతలి ఆవిడ తేదీలు రాసుకుని, “భోజనాలు ఇద్దరికీ కదమ్మా?” అంది.

ఈ మాట ఆమె ఇంతవరకు బయటివాళ్ళెవరితోనూ అనలేదు.

“వండేది ఆయన. తినేది నేనొక్కదాన్నే,” అంది. “కానీ ఆయనకి కుర్చీ వెయ్యండి. పక్కన కాదు, నాకు ఎదురుగా.”

ఫోన్ పెట్టేసి అటక మీంచి మూకుడు దింపింది. వెళ్ళేలోపు చెయ్యి తిరగాలన్నాడాయన. ఉల్లిపాయలు వేగాయి, కిటికీ తెరిచే ఉంది. సంచి తగిలించిన కర్రని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గరిటెలోది ఆమె అరచేతిలో వేశాడు. ఆమె నాలిక మీద పెట్టుకుంది. మొహమంతా ముడుచుకుపోయింది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

“ఉప్పెక్కువైందా?” అన్నాడాయన, మొహంలోకి వంగి చూస్తూ.

“అవునండీ. బాగా ఎక్కువైంది,” అని మళ్ళీ చెయ్యి చాపింది.